హోటలుకి పెళ్లిచూపులు

మొన్న మా శేషు వచ్చాడు. శేషు అంటే మా పెదనాన్న కొడుకు, నాకంటే రెండేళ్లు చిన్న. నరసరావుపేటలో మా పత్తి జిన్నింగు మిల్లు మూతపడ్డాక కొన్నాళ్లు ఎరువుల కొట్టు పెట్టాడు, కొన్నాళ్లు ఏదో ఏజెన్సీ అన్నాడు, ఇప్పుడు జనాన్ని గుంపుగా విమానం ఎక్కించి బ్యాంకాకూ సింగపూరూ తిప్పుకొచ్చే పని పెట్టుకున్నాడు. వస్తూ వస్తూ రంగురంగుల కరపత్రం ఒకటి తెచ్చాడు. దాని మీద ఏ బంగారు బుద్ధుడో ఉంటాడనుకుని కళ్లజోడు పెట్టుకుని చూస్తే, తెల్ల టోపీ పెట్టుకున్న వంటాయన ఒకడు గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. బ్యాంకాక్ ఎక్కడా అని వెతగ్గా వెతగ్గా ఆయన భుజం వెనకాల ఓ మూల కాస్త కనిపించింది.

"అక్కా, నువ్వింక తిండి గురించి ఆలోచించే పన్లేదు. మన వంటాయన మనతోనే వస్తాడు. పొద్దున ఉప్మా, మధ్యాన్నం గోంగూర పప్పు, రాత్రికి చారు, పెరుగు. అక్కడి తిండి వేలితో ముట్టుకునే పని లేదు" అన్నాడు శేషు, అదేదో నాకు వరం ఇస్తున్నట్టు. సముద్రం దాటి వెళ్లి గోంగూర పప్పు తిని రావడం ఏం ముచ్చటో నాకు అర్థం కాలేదు గానీ, నా కళ్లు మాత్రం ఆ గరిటె మీదే ఉండిపోయాయి. శేషుకి గుర్తుందో లేదో, ఇలాంటి యాత్ర మా ఇంట్లో ఇదివరకే ఒకటి జరిగింది. అప్పటి వంటమనిషికి టోపీ లేదు. ఆమె మా అమ్మ.

ఎనభైల్లో మాట. మా ఇల్లు మిల్లు ఆవరణలోనే, వెనక వైపు ఉండేది. పత్తి వచ్చే రోజుల్లో దూది నూగు కిటికీ ఊచల మీద, ఆరేసిన బట్టల మీద, చివరికి పాల మీద కూడా వాలేది. ఎండలో ఆరబోసిన పత్తిగింజల జిడ్డు వాసన ఒకటి, వంటింట్లో పత్తికట్టె మండే పొగ ఒకటి, ఈ రెండూ కలిసిన వాసనే నాకు ఇల్లంటే. మిల్లుకి పెత్తనం మా పెదనాన్న కోటేశ్వరరావుది. మా నాన్న తమ్ముడు కాబట్టి నకరికల్లు నుంచి వెల్దుర్తి దాకా ఊళ్లు తిరిగి పత్తి బేరం చేసుకొచ్చేవాడు, ఇంటికొచ్చాక అన్న ఏమంటే అది అనేవాడు. పెద్దమ్మకి మోకాళ్ల నొప్పులు. మంచం మీద కూర్చునే ఇల్లంతా నడిపేది. మొగుడు అన్న మాటని కాస్త గొంతు పెంచి మళ్లీ అనడం ఆమె పని అని మేమంతా అనుకునేవాళ్లం. ఇక మిగిలిన పనులన్నీ, అంటే అసలు పని అనదగ్గదంతా, మా అమ్మది. అమ్మ పేరు రాజ్యలక్ష్మి. అందరూ రాజ్యం అనేవాళ్లు. ఆ రాజ్యం వంటింటి గడప దగ్గర మొదలై పెరటి గడప దగ్గర అయిపోయేది.

మా ఇంట్లో భోజనాలకి ఒక వరస ఉండేది. ముందు పెదనాన్న కూర్చునేవాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుని నమిలేవాడు, జడ్జిగారు తీర్పు చెప్పబోతున్నట్టు. తలుపు చాటున అమ్మ ఊపిరి బిగబట్టి నిలబడేది. "ఊఁ" అంటే గండం గడిచినట్టు. ఏమీ అనకుండా ఉప్పు డబ్బా వైపు చూస్తే ఆ పూటకి అమ్మ మొహం మాడిపోయినట్టే. బావుంది అన్న మాట ఆయన నోట విన్నవాళ్లు మా వంశంలో లేరు. ఆయన తర్వాత నాన్న, తర్వాత పిల్లలు, తర్వాత పత్తి తోలుకొచ్చిన రైతులు ఎంతమంది ఉంటే అంతమంది, తర్వాత మంచం మీదికి పెద్దమ్మ కంచం. అందరికీ రెండోసారి మారు వడ్డించి, ఇంకొంచెం వేసుకో అని బతిమాలి, అంతా అయ్యాక మిల్లులో మధ్యాహ్నం కూత కూశాక అమ్మ కూర మూకుడులోనే ఇంత అన్నం వేసుకుని, అడుగున అంటుకున్నది కలుపుకుని, పీట మీద గోడకి ఆనుకుని తినేది. మూకుడన్నం రుచే వేరు అని మాతో అనేది. అది నిజమే. కానీ రుచి కోసమే తింటుందని చాలా ఏళ్లు నమ్మాను చూడండి, అదే మా పెంపకం.

దూది కొనే బొంబాయి సేటు ఒకడు ఏటా వచ్చేవాడు. మా ఇంట్లో అమ్మ చేతి పెసరట్లు తిని, కారానికి కళ్లనీళ్లు పెట్టుకుని, అయినా ఇంకోటి అడిగేవాడు. ఒక ఏడు ఆయన పోతూ పోతూ అందరూ కలిసి బొంబాయి రండి, మా వాళ్ల ధర్మశాలలో గదులిప్పిస్తాను అన్నాడు. పత్తి సీజను అయిపోగానే పెదనాన్న ప్రకటించాడు. "ఊరు చూడ్డం ఎవుడైనా చూస్తాడు. మనం బొంబాయి తిండి తినొద్దాం. ఒక్కో పూట ఒక్కో హోటలు. ఆడాళ్లకి కూడా మార్పుగా ఉంటది." ఆ చివరి మాట విని మా అమ్మ చేతిలోని చేట ఆగింది.

ఆ మధ్యాహ్నం గోంగూర ఆకు తుంచుతూ నేనడిగాను, బొంబాయిలో ఏం చూస్తావమ్మా అని. "నాకేం చూడాలని లేదే. ఒక్కపూట కుర్చీలో కూచుని, నేను వండని తిండి, ఎవరో వడ్డిస్తే తినాల. తిన్న పళ్లెం అక్కడే వదిలేసి లేచి రావాల. అంతే" అంది అమ్మ. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. అప్పటికి మా అమ్మ హోటలు లోపల ఎలా ఉంటుందో చూడలేదు. పేటలో మా ఇళ్ల ఆడవాళ్లు హోటలుకి వెళ్లడం ఉండేది కాదు. మగవాళ్లు అరిటాకు పొట్లం తెస్తే పిల్లలు తినేవాళ్లు. అమ్మ వంక పొట్లం జరిపితే పెదనాన్న అనేవాడు, "రాజ్యానికి ఎందుకురా, తనకి బయటి తిండి పడదు." అమ్మ బయటి తిండి తిన్నదీ లేదు, అది పడకపోయిందీ లేదు. అయినా ఆ మాట మా ఇంట్లో వేదమై కూర్చుంది.

తిండి తినడానికి వెళ్తున్న మా సామాను ఏమిటో చెప్తాను. కిరసనాయిలు స్టవ్వు, బస్తాలో బియ్యం, కందిపప్పు, చింతపండు, ఎండు మిరపకాయలు, డబ్బాడు కారం, రెండు పచ్చడి జాడీలు, విస్తరాకుల కట్ట. "జాగ్రత్తకి" అన్నాడు పెదనాన్న. గుంటూరు దాకా చిన్నరైల్లో, అక్కడి నుంచి రైళ్లు మారుకుంటూ, మోకాళ్ల సందున స్టవ్వు పెట్టుకుని మా అమ్మ బొంబాయి వెళ్లింది.

ధర్మశాల కాల్బాదేవి సందుల్లో ఉండేది. పాత కట్టడం, చెక్క మెట్లు, గది ముందు సన్న వరండా. దిగిన మొదటి పూటే పెదనాన్న ఆ వరండాలో అటూ ఇటూ పచార్లు చేసి ఒక పద్ధతి పెట్టాడు. కొత్త ఊరు. ఏ హోటలు ఎలాంటిదో, లోపల ఎలాంటి మనుషులుంటారో తెలియదు. కాబట్టి ముందు మగవాళ్లు వెళ్లి చూసి, తిని, మంచిదని తేలితే ఆడవాళ్లని తీసుకెళ్తారు. "అందాకా ఇంత అన్నం, చారు పడెయ్ రాజ్యం. ఒకవేళ ఆడ బాగుండకపోతే ఇబ్బంది గదా" అన్నాడు. పెదనాన్న, నాన్న, శేషు బయల్దేరారు. శేషుకి అప్పటికి ముక్కు తుడుచుకోవడం కూడా సరిగ్గా రాదు. కానీ మగవాడు. నేను వాడికంటే రెండేళ్లు పెద్దదాన్ని, స్కూల్లో హిందీ వాచకం చదివినదాన్ని, అయినా వరండాలో బియ్యం ఏరుతూ కూర్చున్నాను.

పెళ్లిచూపులకి పోయేవాళ్లని చూశారా? తెల్ల చొక్కాలు వేసుకుని వెళ్తారు, పెట్టినవన్నీ తింటారు, కాళ్ల నుంచి తల దాకా చూస్తారు, ఇంటికెళ్లి కబురు చేస్తామంటారు. మా వాళ్లు బొంబాయి హోటళ్లకి అచ్చంగా అలాగే వెళ్లారు. మధ్యాహ్నం వేళ తేన్చుకుంటూ వచ్చేవాళ్లు. "ఎట్టుంది?" అని పెద్దమ్మ అడిగేది. "ఏముంది, పప్పులో బెల్లం ఏశాడు, దొంగసచ్చినోడు" అనేవాడు పెదనాన్న. "ఉప్పు చాల్లేదు" అనేవాడు నాన్న, అన్న మొహం చూసి. "ఐస్‌క్రీమ్ బాగుంది" అనేవాడు శేషు. వాడి మూతి చుట్టూ గులాబీరంగు ఇంకా అంటుకునే ఉండేది. బాగుండని తిండి ఇంత సేపు ఎలా తిన్నారు అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. పైగా స్టవ్వు మీద చారు వాసన తగలగానే పెదనాన్న కండువా తీసి తగిలించి, "మన అన్నం ఒక్క ముద్ద తింటే గానీ ప్రాణం కుదుటపడదు" అని కూర్చునేవాడు. తిని వచ్చిన వాళ్లకి అమ్మ మళ్లీ వడ్డించేది. సాయంత్రం ఇంకో హోటలుకి చూపులు. మర్నాడు ఇంకోటి. ఒకచోట మనుషులు సిగరెట్లు తాగుతున్నారు, ఒకచోట బల్లలు ఇరుకు, ఒకచోట బన్నుని కూరలో ముంచి పెట్టారు, అది తిండేనా. బొంబాయిలో ఒక్క హోటలుకైనా మా ఇంటి ఆడవాళ్లు వచ్చి కూర్చునే యోగ్యత దొరకలేదు.

అమ్మ పెట్టిన తాలింపు మాత్రం బొంబాయికి బాగా తెలిసింది. మా ఎండు మిరపకాయలు నూనెలో పడగానే ఆ వరండా పొడుగునా తలుపులు తెరుచుకునేవి, గుజరాతీ ముసలాయన ఒకాయన దగ్గుతూ బయటికి పరిగెత్తేవాడు. కాపలావాడు వచ్చి చేతులు జోడించి ఏదో అనేవాడు. పెదనాన్న దాన్ని మెప్పుగా తీసుకున్నాడు.

ఊరు చూడలేదని కాదు. చూశాం. పొద్దున్నే లేచి అమ్మ పులిహోర కలిపి గిన్నెకి గుడ్డ కట్టేది. రెండంతస్తుల బస్సులో ఆ గిన్నె ఆమె ఒళ్లో కూర్చునేది. గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర సముద్రానికి ఎదురుగా మగవాళ్లు గట్టు మీద వరసగా కూర్చున్నారు, ముందు విస్తరాకులు. గాలికి ఆకులు లేచిపోతుంటే అమ్మ ఒక చేత్తో ఆకులు అదిమిపట్టి ఇంకో చేత్తో వడ్డించింది. వడ్డించేవాళ్లు తినేవాళ్ల వైపు తిరిగి ఉండాలి గదా, అందుకని సముద్రం ఆమె వీపు వెనక ఉండిపోయింది. పడవలు చూడు రాజ్యం, పడవలు చూడు అని పెదనాన్న అంటూనే ఉన్నాడు, ఆకు ముందుకి జరుపుతూ. అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ కోపమే వస్తుంది. నా వయసుకి కోపాలు చల్లారాలంటారు, ఇది చల్లారలేదు.

రేపు బయల్దేరతామనగా చూపుల బృందం పడకేసింది. పూటకి రెండు భోజనాలు, మధ్యలో రోడ్డు పక్క తిండి, పై నుంచి ఐస్‌క్రీమ్. ముగ్గురికీ కడుపులు కదిలాయి. ధర్మశాలలో ఆ మూలనున్న మరుగుదొడ్డికీ మా గదికీ మధ్య రాకపోకలతో చెక్కలన్నీ కిర్రుకిర్రుమన్నాయి. "నీళ్లు పడలా" అన్నాడు పెదనాన్న పొట్ట పట్టుకుని. తప్పు బొంబాయి నీళ్ల మీదికి పోయింది. అమ్మ పొద్దున్నే జావ కాచి ముగ్గురికీ మూడు గ్లాసుల్లో పోసింది. ఇంక మిగిలింది ఆ ఒక్కరోజే అని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. గిన్నెలు తోముతూ ఒకే గిన్నెని చాలాసేపు తోమింది.

పెద్దమ్మ అది చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని మెల్లగా లేచింది. పెట్టె తీసి పట్టుచీర ఒకటి తన కోసం తీసుకుని, ఇంకోటి అమ్మ మీదికి విసిరింది.

"ఏమే రాజ్యం, లే. ముఖం కడుక్కో. హోటలు చూసొద్దాం."

మంచం మీద పెదనాన్న తల ఎత్తాడు. "హోటలేంది? మేం లేకుండా యాడికి?"

"మీరు జబ్బు మనుషులు గదా. రేపు రైలెక్కేముందు మీకు యాడ తిండి పడుద్దో మేం పోయి చూసొస్తాం. మంచిదైతే మిమ్మల్ని తీసకపోతాం" అంది పెద్దమ్మ, ఏమాత్రం నవ్వకుండా.

"నువ్వు పోతే పో. రాజ్యాన్ని ఎందుకు తిప్పుతావు? తనకి బయటి తిండి పడదు."

"పడదో పడుద్దో, ఎప్పుడన్నా పెట్టి చూశారా?" అంది పెద్దమ్మ.

ఆ గొంతు నేను అంతకు ముందు విన్నది కాదు. పెదనాన్న నాన్న వంక చూశాడు. నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు, నిద్రపోతున్నట్టు. నాకు తెలిసి మా నాన్న చేసిన ధైర్యమైన పని అదేనేమో.

మాలో ఎవరికీ భాష రాదు. నా హిందీ వాచకంలో ఆవు మీద వ్యాసం ఉంది గానీ హోటలు మీద లేదు. పెద్దమ్మకి మాత్రం పక్కింటి బీబమ్మ పిన్ని పుణ్యాన నాలుగు ఉర్దూ ముక్కలు వచ్చు. బీబమ్మ పిన్ని మొగుడు మా మిల్లు యంత్రాలు బాగుచేసే మెకానిక్కు. గోడ మీదనుంచి ఇద్దరూ కూరలు మార్చుకుంటూ నేర్చుకున్న భాష. సందు మలుపులో ఒక భోజనశాల, మేడ మీద. పెద్దమ్మ ఒక్కో మెట్టుకీ దేవుణ్ణి తలుచుకుంటూ ఎక్కింది. పైన బల్లలు, కుర్చీలు, తిరుగుతున్న పంకాలు, నెయ్యి వాసన. మా అమ్మ కుర్చీ అంచు మీద కూర్చుంది, ఎవరైనా లేపితే లేవడానికి వీలుగా. "చూడు, ఏమన్నా వద్దనుకుంటే నక్కో అను. అంతే, ఆపుతారు" అని పెద్దమ్మ పాఠం చెప్పింది. అమ్మ పెదాల్లోనే ఒకసారి అనుకుని చూసింది.

పెద్ద పళ్లేలు పెట్టారు, చుట్టూ చిన్న చిన్న గిన్నెలు. ఒకడు పప్పు పోసి పోయాడు, ఇంకొకడు కూర, మరొకడు పూరీలు, వాడి వెనకే పసుప్పచ్చటి తీపి పెరుగు. అమ్మ చెయ్యి అలవాటుగా గరిటె కోసం వెతికింది. బల్ల మీద గరిటె లేదు. తన పళ్లెంలోని పూరీ తీసి నా పళ్లెంలో వేయబోయింది. అది వేసేలోగా నాకు వేరే పూరీ వచ్చి పడింది. ఇంక చేసేదేం లేక ఆమె తినడం మొదలుపెట్టింది. మెల్లగా, తల వంచుకుని, పప్పు, కూర, పూరీ. సగం అయ్యేసరికి పూరీల బుట్ట పట్టుకున్నతను మళ్లీ వచ్చి ఆమె పక్కన నిలబడి వంగి ఏదో అడిగాడు. ఇంకా కావాలా అన్నాడని ఎవరికైనా తెలుస్తుంది, దానికి హిందీ వాచకం అక్కర్లేదు.

మా అమ్మ వెనక్కి తిరిగి చూసింది. తన వెనక ఎవరున్నారో, అతను ఎవర్ని అడుగుతున్నాడో అని.

వెనక గోడ ఉంది. "నిన్నేనే రాజ్యం" అంది పెద్దమ్మ. అమ్మ అతని వంక చూసింది. జీవితమంతా ఆ మాట ఆమె అందర్నీ అడిగింది, అది తిరిగి తన వైపు వస్తే ఏం చెప్పాలో ఆమెకి ఎవరూ నేర్పలేదు. తల ఊపింది. అతను రెండు పూరీలు వేశాడు. పప్పు అతను వచ్చాడు, మళ్లీ తల ఊపింది. తీపి పెరుగు, మళ్లీ. నేను, పెద్దమ్మ చేతులు ముడుచుకుని కూర్చున్నాం. పక్క బల్లల వాళ్లు తిని వెళ్లిపోయారు, కొత్తవాళ్లు వచ్చారు. నేర్పిన మాట ఉంది గదా, నక్కో, అది మా అమ్మ ఒక్కసారి కూడా అనలేదు. ఆకలితో తిన్నదని నేను అనుకోను. అడుగుతున్నందుకు తిన్నది. చివరికి లేచి, చేతులు కడుక్కుని, మెట్ల దాకా వచ్చి ఆగి, వెనక్కి వెళ్లి తను వదిలేసిన ఎంగిలి పళ్లాన్ని ఒకసారి చూసి వచ్చింది.

ధర్మశాలకి తిరిగొచ్చేసరికి ఎండ తిరిగింది. మంచం మీద నుంచి పెదనాన్న నీరసంగా అడిగాడు, ఎట్టుంది హోటలు అని. పెద్దమ్మ కూర్చుని, మోకాళ్లు నిమురుకుని, తీరిగ్గా తేన్చి, "ఏముంది, పప్పులో బెల్లం. మీకు పడదు" అంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వరండాలోకి పారిపోయింది. ఆమె అంత నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత వచ్చి జావ కాచింది.

పేటకి తిరిగొచ్చాక పెదనాన్న చాలా ఏళ్లు బొంబాయి కబుర్లు చెప్పాడు. మిల్లుకి వచ్చిన ప్రతి రైతుకీ, మన తిండి ముందు బొంబాయి తిండి దిగదుడుపే అని. అమ్మని ఏం చూశావని బీబమ్మ పిన్ని గోడ మీదనుంచి అడిగితే, "పూరీ చేశారు బీబమ్మా, ఉప్పు తక్కువ. కానీ అడిగి అడిగి పెట్టారు" అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. వంటింటి వరసా మారలేదు, మూకుడన్నమూ పోలేదు. ఒక్కటే మారింది. కూరగిన్నె ఖాళీ అవుతుంటే మంచం మీద నుంచి పెద్దమ్మ కేక వేసేది, "రాజ్యానికి ఉంచారా?" అని. అలా కేక వేయడానికి ఆమెకి బొంబాయి దాకా వెళ్లాల్సి వచ్చింది.

ఇప్పుడు అమ్మా లేదు, పెద్దమ్మా లేదు, పెదనాన్నా లేడు. మిల్లు ఉన్న చోట అపార్టుమెంట్లు లేచాయి. నేను ఫోన్లో వేలు పెడితే ఎవరో కుర్రాడు గుమ్మం ముందుకి బిర్యానీ తెస్తాడు. ఆదివారం నరసరావుపేట హోటళ్ల ముందు ఆడవాళ్లే బారులు తీరి నిలబడుతున్నారు. అది చూసినప్పుడల్లా నాకు కడుపు నిండుతుంది, నిజంగా. అయితే మనం చాలా మారిపోయామని అనుకుంటూ ఉండగానే శేషు ఇలా కరపత్రం పట్టుకుని వస్తాడు. వాడి టోపీ వంటాయన పేరు సుబ్బారావట. పొద్దున అందరికంటే ముందు లేస్తాడట, గుంపు గుడి చూడ్డానికి వెళ్తే ఆయన గదిలో కూరగాయలు తరుగుతాడట. ఇప్పటికి చాలాసార్లు బ్యాంకాక్ వెళ్లొచ్చాడట.

"అవునురా, మరి ఆయనెప్పుడు తింటాడు?" అని అడిగాను.

"అందరూ తిన్నాకే అక్కా, ఇంకెప్పుడు తింటాడు? ఉన్నదేదో తింటాడు."

"అన్నిసార్లు పోయాడు గదా. ఒక్కపూటన్నా ఆ ఊరి హోటల్లో కూచోబెట్టి తినిపించకపోయావా?"

శేషు నవ్వాడు, కుర్చీలో వెనక్కి వాలి, అచ్చం వాళ్ల నాన్నలాగే. "ఆయన తినడక్కా. ఆయనకి బయటి తిండి పడదు."

నేను కరపత్రం మడిచి వాడి చేతిలో పెట్టాను. "ఎప్పుడన్నా పెట్టి చూశావా?"